కంట్లో నెంబరు ఎంత అని అడుగుదాం

(మా మండలంలో ఒక గూడెం కమ్యూనిటీ హాల్లో ఆదివారం పొద్దుగూకినాక జరిగిన సమావేశంలో ఒక బడిపంతులు మాట్లాడిన మాటలివి. కార్యకర్తలు అడిగితే ఆయనే రాసిచ్చారు.)



నేను భూమి గురించో, కూలి రేట్ల గురించో, హాస్టలు బిల్లుల గురించో మాట్లాడతాననుకుని మీరు వచ్చుంటారు. ఇవాళ కంటి గురించి మాట్లాడతాను. కంట్లో ఉండే ఒత్తిడి గురించి. దాన్ని ఎట్లా కొలుస్తారు, ఎన్నిసార్లు కొలవాలి, కొలిచినాక మనం ఏమడగాలి, అంతే. నేను డాక్టర్ని కాదు. పిల్లకాయలకు లెక్కలు చెప్పుకునేవాణ్ణి. కానీ ఈ జబ్బు మా ఇంట్లో ఉంది. మా నాయనకు ఉండేది. నాకూ ఉంది. కంటి ఆసుపత్రుల బయట బల్లల మీద కూర్చుని కూర్చుని, అడిగి అడిగి, తిట్లు తిని నేర్చుకున్నదే మీకు చెప్తున్నా.

ముందు మా నాయన సంగతి చెప్పాలి.

మా నాయన పాలేరు. 1997లో నేను ఇంటర్ చదువుతున్నా. ఒకరోజు సాయంత్రం ఆయన చెరువుకట్ట మీద గొడ్లు తోలుకొస్తున్నాడు. పక్క దారిలోంచి ఆసామి కొడుకు మోటారుసైకిలు మీద ఎక్కొచ్చాడు. మా నాయన తప్పుకోలేదు. తలగుడ్డ తియ్యలేదు. ఆ పిల్లోడు బండి ఆపి, తండ్రి వయసున్న మనిషిని చెంప మీద కొట్టాడు. "మాదిగోడికి కళ్లు నెత్తికెక్కినయ్" అన్నాడు. మా నాయన "కనపళ్లేదయ్యా" అన్నాడు. ఎవరు నమ్ముతారు? ఎదురుగా అంత దూరాన ఉన్న గొడ్డు మనదో కాదో చెప్పే మనిషి. సూదిలో దారం ఎక్కించి చెప్పు కుట్టుకునే మనిషి. అట్లాంటాయనకు పక్కన వచ్చే మోటారుసైకిలు కనపళ్లేదంటే ఊరు నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు. ఇంటికొచ్చాక "తప్పుకుంటే ఏం పోయింది నాయనా" అన్నా. ఆయన మాట్లాడలేదు. కొట్టినోడి మీద నాకు కోపం రావాల్సింది పోయి నాయన మీద వచ్చింది.

తర్వాత తర్వాత గడపకు భుజం కొట్టుకునేది. పక్కన పెట్టిన నీళ్ల చెంబు తన్నుకునేవాడు. మంచం కోడు తగిలి పడేవాడు. తాగొచ్చాడని మా అమ్మ గొడవ. రెండు కంటి శిబిరాలకు తీసకపోయాం. అక్షరాలు చదవమంటే, ఆయనకు చదువు రాదు, బొమ్మలు చూపిస్తే చెప్పాడు. టార్చిలైటు వేసి చూసి, శుక్లం లేదు పొమ్మన్నారు. 2000లో పెద్దాసుపత్రికి తీసుకపోయేసరికి గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్య ఇంత చూపు మిగిలింది. అక్కడి డాక్టరమ్మ కళ్లు కొలిచింది. ఒక కంట్లో 38, ఇంకో కంట్లో 34. "నీటికాసులు. నరం చచ్చిపోయింది. ఇంతకుముందు ఎవరూ కొలవలేదా?" అని అడిగింది. ఎవరూ కొలవలేదు. అసలు కంట్లో కొలవాల్సింది ఒకటుంటుందని మాకు తెలియదు గదా. ఇంకో రెండేళ్లకు ఆ మిగిలిన చూపూ పోయింది.

కంట్లో ఏం జరుగుద్దో చెప్తా వినండి. మన కంటి లోపల ఎప్పుడూ నీళ్లు ఊరుతుంటాయి. ఏడిస్తే కారే నీళ్లు కాదు, అవి వేరు. ఇవి లోపలి నీళ్లు. ఊరిన నీళ్లు ఊరినట్టే సన్నటి జల్లెడ లాంటి దారిగుండా బయటికి పోతుంటాయి. చెరువుకు వాగు నీళ్లు వస్తున్నప్పుడు అలుగు పారాలి. అలుగు పూడితే ఏమవుద్ది? కట్ట మీద ఒత్తిడి పడుద్ది. కంట్లో ఆ కట్ట లాంటిది వెనకాల ఉన్న నరం. పది లక్షలకు పైగా పోగులు కలిపి పేనిన తాడు అనుకోండి. ఒత్తిడికి ఆ పోగులు ఒక్కొక్కటే తెగిపోతాయి. ముందు పక్క చూపు తాలూకు పోగులు తెగుతాయి, నడిమధ్యవి చివర. అందుకే మా నాయన సూదిలో దారం ఎక్కించగలిగాడు, మోటారుసైకిలు చూడలేకపోయాడు. తెగిన పోగు మళ్లీ అతకదు. శుక్లం అయితే ఆపరేషన్ చేసి చూపు తెప్పిస్తారు. నీటికాసుల్లో పోయిన చూపు పోయినట్టే. మిగిలింది కాపాడుకోవటమే.

ఇందులో ఇంకో రకం ఉంది. నీళ్లు పోయే దారి ఒక్కసారిగా మూసుకుపోతే కన్ను ఎర్రబడి, తలపగిలే నొప్పి, వాంతులు వస్తాయి, దీపం చుట్టూ రంగుల గుండ్రాలు కనపడతాయి. మనవాళ్లు పైత్యం అనుకుని వాంతులకు సూది వేయించుకుని పడుకుంటారు. అది గంటల్లో కన్ను తీసేసే జబ్బు. అర్ధరాత్రయినా కంటి డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. కానీ ఎక్కువమందికి వచ్చేది నొప్పీ తీపూ లేకుండా, ఎరుపు లేకుండా దొంగలా వచ్చే రకం. దాన్ని మనంతట మనం కనిపెట్టలేం. కొలిస్తేనే, లోపల నరం చూస్తేనే తెలిసేది.

హైదరాబాదులో, చెన్నై చుట్టుపక్కల 1990ల చివర, 2000ల మొదట్లో ఇల్లిల్లూ తిరిగి సర్వేలు చేశారు. ఈ జబ్బు ఉన్నోళ్లు పదిమందిలో తొమ్మిదిమందికి పైగా తమకు జబ్బున్నట్టే తెలియకుండా బతుకుతున్నారని తేలింది. దేశం మొత్తం మీద నలభై దాటినవాళ్లలో కోటీ పన్నెండు లక్షలమందికి ఉంటుందని 2010లో ఒక అంచనా వేశారు. వాళ్లలో మన గూడేలవాళ్లు ఎంతమంది? ఆ లెక్క ఎవరు తీశారు?

ఇప్పుడు కొలత సంగతి. మా నాయనకు ఏడాదికి ఇన్ని బస్తాల గింజలని జీతం. కొలిచేది ఆసామి. కుంచంలో బొటనవేలు లోపలికి పెట్టి కొలిచేవాడు. ఎన్ని కుంచాలయిందో ఆయనే చెప్పేవాడు, ఆయనే రాసుకునేవాడు. మనం వేలిముద్ర వేసేవాళ్లం. భూమి కొలిచినా, కూలి కొలిచినా, కొలబద్ద మన చేతిలో ఎన్నడూ లేదు. ఆసుపత్రిలోనూ ఇదే వరస నడుస్తుంది. కన్ను మనది, నెంబరు వాళ్లది. "ఎంతుందండీ" అని అడిగితే "నీకెందుకు, చుక్కలు వేసుకో" అంటారు. అందరూ అట్లా అనరులేండి, ఓపికగా చెప్పిన డాక్టర్లనూ చూశాను.

బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే చిన్న రచనలో ఒక సంగతి చెప్పారు. 1929 నాటిది. కాఠియావాడ్‌లో ఒక ఊళ్లో అంటరాని కులానికి చెందిన బడిపంతులు ఉన్నాడు. నాలాంటివాడే. బాలింత భార్యకు జబ్బు చేసింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. ఆ బాలింతను వాడ బయటికి మోసుకొస్తే చూస్తానన్నాడు. జ్వరం కొలిచే గొట్టం డాక్టరు ఒక ముస్లిం చేతికిచ్చాడు, ఆయన పంతులుకిచ్చాడు, పంతులు భార్యకు పెట్టాడు. మళ్లీ అదే దారిన వెనక్కి పోయింది. డాక్టరు దీపం వెలుగులో నెంబరు చూసి, న్యుమోనియా అని మందు పంపాడు. తర్వాత మళ్లీ చూడటానికి రాలేదు. ఆమె చనిపోయింది. ముట్టుకోకుండా కొలవటమంటే ఇదీ. కంటి ఒత్తిడిని అట్లా చేతులు మార్చి కొలవటం కుదరదు. ఖచ్చితంగా చూడాలంటే నల్లగుడ్డు మీద ఆనించాల్సిందే.

ఎట్లా కొలుస్తారు? పాతకాలంలో రెప్ప మీద వేలు పెట్టి నొక్కి, మెత్తగా ఉందా గట్టిగా ఉందా అని చూసేవాళ్లు. 1905లో నార్వే డాక్టరు షియోట్జ్ ఒక చిన్న పరికరం తెచ్చాడు. మనల్ని వెల్లకిలా పడుకోబెట్టి, కంట్లో మత్తు చుక్క వేసి, గుడ్డు మీద దాన్ని నిలబెడతారు. లోపలి పుల్ల ఎంత దిగితే ఆ లెక్కన ముల్లు కదులుద్ది. పట్టిక చూసి ఒత్తిడి చెప్తారు. తర్వాత 1950లలో స్విట్జర్లాండు డాక్టరు గోల్డ్‌మన్ చేసినది వచ్చింది. ఇప్పటికీ అదే మేలైన కొలత. గడ్డం ఒక మెట్టు మీద ఆనించి కూర్చుంటాం. మత్తు చుక్క, పసుప్పచ్చ రంగు వేస్తారు. నీలం దీపం వెలుగులో చిన్న మొన కంటికి ఆనిస్తారు. నొప్పి ఉండదు. గుడ్డును అంతమేర చదును చేయటానికి ఎంత బలం పట్టిందో అదే ఒత్తిడి. ఇంకోటి గాలి మిషను. ముట్టుకోదు, టప్పున గాలి కొడుతుంది. తొందరగా ఎక్కువమందిని చూడటానికి పనికొస్తుంది కానీ, అందులో ఎక్కువ వచ్చినా అనుమానం ఉన్నా గోల్డ్‌మన్ మీద మళ్లీ చూడమని అడగాలి. చేతిలో పట్టుకుని చూసే చిన్న పరికరాలు కూడా ఇప్పుడు వచ్చాయి. ఒకదానికైతే మత్తు చుక్క కూడా అక్కర్లేదు. మన పీహెచ్‌సీలకు తగినవి అవి.

కొలిచేటప్పుడు మన వైపు నుంచి జాగ్రత్తలున్నాయి. మెడ చుట్టూ తువ్వాల బిగించుకోవద్దు, చొక్కా పై బొత్తాం తీయండి. ఊపిరి బిగబట్టొద్దు. కళ్లు గట్టిగా మూయొద్దు. భయపడి ఇవన్నీ చేస్తాం మనం. అప్పుడు లేని ఒత్తిడి ఉన్నట్టు చూపిస్తుంది. మొన తుడిచారా అని అడగండి, అడిగితే తప్పులేదు. మత్తు దిగిందాకా అరగంటసేపు కన్ను నలపొద్దు, తెలియకుండా గీరుకుపోద్ది.

లెక్క చెప్పేది మిల్లీమీటర్ల పాదరసంలో. మామూలుగా 10 నుంచి 21 దాకా అంటారు. బీపీకి దీనికి సంబంధం కలపొద్దు. "నా బీపీ బాగానే ఉంది పంతులూ" అంటారు. బీపీ బాగుండొచ్చు, కన్ను బాగుండకపోవచ్చు. ఇంకో తిరకాసు ఏందంటే డాక్టర్లు దీన్ని 'టెన్షన్' అంటారు. మా పిన్నమ్మ ఒకామె, "కొడుకు గురించి టెన్షన్ పెట్టుకోమాకన్నాడమ్మా డాక్టరు" అని చెప్పుకుని, చుక్కలు మానేసి కొడుకుని మరిచిపోవటానికి ఆరునెలలు తంటాలు పడింది. నవ్వొద్దు. ఆ ఆరునెలల్లో ఆమెకు నరం కొంత పోయింది. ఆమెకు తెలుగులో చెప్పనోళ్లది తప్పు.

ఇప్పుడు 21 అనే అంకె సంగతి. ఇది ముఖ్యం, చెవిపెట్టండి. 21 అనేది పొలం గట్టు కాదు, ఇటు మనది అటు పక్కోడిది అనటానికి. 24 ఉండి కూడా నరం బాగున్నవాళ్లున్నారు. 16 ఉండి నరం పోతున్నవాళ్లున్నారు. ఇందాక చెప్పిన సర్వేల్లోనే, దొంగలా వచ్చే రకం నీటికాసులున్నవాళ్లలో సగానికి పైగా మందికి పరీక్ష చేసిన రోజు ఒత్తిడి 21 లోపే ఉంది. ఒత్తిడి ఒక్కటే చూసి "నీకేం లేదు పో" అంటే ఆ సగంమందినీ గుడ్డితనానికి పంపినట్టే.

నన్ను పంపారు. 2014లో, మా నాయనకు ఉండె కాబట్టి పట్నంలో ఒకచోట చూపించుకున్నా. మధ్యాహ్నం గాలి మిషను మీద 19 వచ్చింది. నార్మల్ అన్నారు. నేను మిఠాయి కొనుక్కుని ఇంటికొచ్చా. మూడేళ్లు మళ్లీ చూడలేదు. 2017లో బోర్డు మీద ఎడమవైపు రాసిన అంకె ఒకటి వదిలేసి లెక్క చేస్తే, పిల్లలు "సారూ, అక్కడ ఇంకోటుంది" అన్నారు. ఒక్కసారిగా మా నాయన, చెరువుకట్ట గుర్తొచ్చినయ్. వేరే ఆసుపత్రికి పోయా. అక్కడ మధ్యాహ్నం 18. కానీ ఆ డాక్టరు అంతటితో ఆగలేదు. చుక్కలు వేసి లోపలి నరం చూశాడు. పక్క చూపు పరీక్ష చేశాడు. నల్లగుడ్డు మందం కొలిచాడు, అందరికీ సుమారు 540 మైక్రాన్లుంటే నాకు 490. గుడ్డు పలచనైతే మిషను అసలు ఒత్తిడి కంటే తక్కువ చూపిస్తుందట. అదీ బొటనవేలు పెట్టిన కుంచం లాంటిదే. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి రమ్మని కొలిస్తే 24. పొద్దునొకటి, మధ్యాహ్నమొకటి. కంటి ఒత్తిడి రోజంతా మారుతుంటుంది. జబ్బున్న కంట్లో ఆ ఎగుడుదిగుడు ఇంకా ఎక్కువ. చాలామందికి తెల్లవారుజామున, పొద్దున ఎక్కువుంటుంది. మనం పొద్దున బస్సెక్కి, క్యూలో నిలబడి, లోపలికి పోయేసరికి మధ్యాహ్నం. మన ఎక్కువ నెంబరు ఎవరికీ కనపడనే కనపడదు!

అందుకని ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. ఇరవై రూపాయలది. తేదీ, ఎన్నిగంటలకు కొలిచారు, ఏ మిషను, కుడి కన్ను ఎంత, ఎడమ కన్ను ఎంత, ఏ చుక్కలు వేసుకుంటున్నారు, చివరిసారి ఎప్పుడు వేశారు. రాయటం రానివాళ్లకు మన బడిపిల్లలు రాస్తారు. డాక్టరు మారినా, ఊరు మారినా, మిర్చికోతలకు పోయినా, హైదరాబాదు తాపీపనికి పోయినా ఆ పుస్తకం వెంట ఉండాలి. గుడ్డు మందం ఒక్కసారి కొలిచినా చాలు, అది అట్ట మీద రాయండి. "నాకు ఎంతలోపు ఉండాలి?" అని డాక్టర్ని అడగండి. ఒక్కొక్కరికి ఒక్కో హద్దు. నరం ఎంత పోయింది, వయసెంత అని చూసి డాక్టరు పెడతాడు. నాకు 14 లోపు ఉండాలన్నారు. ఒక నెంబరు తగ్గితే ఏమొస్తుంది అనుకోవద్దు. స్వీడన్‌లో చేసి 2000ల మొదట్లో బయటపెట్టిన పరిశోధనలో, ఒత్తిడి ఒక్క మిల్లీమీటరు తగ్గినా జబ్బు ముదిరే ప్రమాదం పదోవంతు దాకా తగ్గుతుందని తేలింది.

ఇక మన దొంగతనం ఒకటుంది. మూడునెలలు చుక్కలు వెయ్యం. డాక్టరు దగ్గరికి పోయే ముందు రెండురోజులు వేసి పోతాం. నెంబరు బ్రహ్మాండంగా వస్తుంది. డాక్టరు "మందు పనిచేస్తోంది" అంటాడు. నరం మాత్రం పోతూ ఉంటుంది. మనమే మన కుంచంలో బొటనవేలు పెట్టుకుంటున్నాం. మానితే మానామని చెప్పండి. డబ్బుల్లేక మానామని చెప్పండి, సిగ్గు లేదు. జెనరిక్ దుకాణంలో దొరికే చవక మందు రాయమని అడగండి. టిమొలాల్ అనే పాతమందు చవకే. కానీ ఉబ్బసం ఉన్నవాళ్లు, గుండె నెమ్మదిగా కొట్టుకునేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. అది కంట్లో వేసినా ఒంట్లోకి పోయి ఊపిరాడకుండా చేస్తుంది. ఇటుకబట్టీల్లో, పొగాకు బ్యారన్లలో పనిచేసి ఊపిరితిత్తులు పాడైనవాళ్లు మనలో ఎంతమంది! కొన్ని చుక్కలు మూత తియ్యకముందు ఫ్రిజ్‌లో ఉండాలి. కాబట్టి ఒక్కో సీసానే కొనండి, తీసిన తేదీ సీసా మీద రాసి నెల దాటితే పారేయండి. వేసేటప్పుడు కింది రెప్ప లాగి ఒక్క చుక్క. రెండు వేస్తే ఎక్కువ పనిచేయదు, డబ్బు చెంప మీద కారుద్ది. కన్ను మూసి ముక్కు పక్క మూల రెండు నిమిషాలు నొక్కిపట్టండి. రెండో మందుంటే ఐదు నిమిషాలు ఆగి వేయండి.

లేజర్ గురించి కూడా అడగండి. 2019లో బ్రిటన్‌లో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. మొదటే లేజర్ చేయించుకున్నవాళ్లలో నాలుగింట మూడొంతులమందికి మూడేళ్లదాకా చుక్కలు లేకుండానే ఒత్తిడి అదుపులో ఉంది. అందరికీ సరిపడదు. చేయించుకున్నా కొలత మానకూడదు. కానీ నెలనెలా మందు కొనలేని మనకు అది ముందు చెప్పాల్సిన మాట, చివర కాదు.

ఇంకోటి. మిరపకాయ ఘాటుకో, వరినూక పడో కన్ను ఎర్రబడితే ఆరెంపీ దగ్గర చుక్కలు తెచ్చుకుంటాం. చల్లగా ఉంటాయి, హాయిగా ఉంటుంది. ఇంట్లో అందరూ నెలల తరబడి వేసుకుంటారు. ఆ సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అని ఉంటే అవి స్టెరాయిడ్లు. కొంతమందికి అవే కంటి ఒత్తిడిని 30, 40కి ఎక్కిస్తాయి, చిన్నపిల్లలక్కూడా. డాక్టరు రాసిచ్చి, మధ్యమధ్యలో ఒత్తిడి కొలుస్తుంటే తప్ప అవి వేయొద్దు. పేరు చదవటం రాకపోతే సీసా నా దగ్గరికి తెండి.

కార్యకర్తలకు ఒక పని చెప్తా. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. మన ఏరియా ఆసుపత్రికి దరఖాస్తు పెడదాం. కంటి ఒత్తిడి కొలిచే పరికరం ఉందా, పనిచేస్తోందా? పాడైతే ఏ తేదీ నుంచి? మత్తు చుక్కలు స్టాకుందా? పోయిన ఏడాది ఎంతమందికి కొలిచారు? పక్క చూపు పరీక్ష మిషను జిల్లాలో ఎక్కడుంది? జవాబు వచ్చినాక మాట్లాడదాం, ధర్నా సంగతి అప్పుడు. జవాబు లేకుండా అరిస్తే "శిబిరాలు పెడుతున్నాంగా" అంటారు. శిబిరంలో కళ్లద్దాలిస్తారు, మంచిదే. ఒత్తిడి కొలుస్తారా, నరం చూస్తారా అని మనం అడగాలి.

ఎవరెవరు తప్పకుండా పోవాలి? నలభై దాటిన అందరూ. తల్లికో తండ్రికో, తోడబుట్టినవాళ్లకో ఈ జబ్బుంటే నలభైదాకా ఆగొద్దు. షుగరున్నవాళ్లు, స్టెరాయిడ్ బిళ్లలు వాడినవాళ్లు, కంటికి దెబ్బ తగిలినవాళ్లు. మా తమ్ముడు బేల్దారి పనికి పోతాడు. "ఒకరోజు కూలి పోద్ది అన్నా" అని ఏడేళ్లు తప్పించుకున్నాడు. పోయిన నెల లాక్కుపోయా. కుడి 27, ఎడమ 25. నరం ఇంకా బాగానే ఉంది. చుక్కలు మొదలుపెట్టాడు. ఆరువారాల తర్వాత మళ్లీ కొలుస్తారు.

ఇప్పుడు పేర్లు రాసుకుందాం. నలభై దాటినవాళ్లు ఈ పక్క చాపమీదికి రండి, ఇంట్లో ఎవరికైనా చూపు పోయినవాళ్లు ఆ పక్కకు. మంగళవారం పొద్దున మొదటి బస్సుకు పదిమందిమి పోదాం, నేను సెలవు పెట్టాను. చుక్కలు వాడేవాళ్లు ఆ పొద్దున కూడా ఎప్పట్లాగే వేసుకుని, సీసాలు వెంట తీసుకుని రండి. నోటుపుస్తకాలు నా సంచిలో ఉన్నాయి.